వెన్నుకు ముహూర్తం

చిన్నికి వెన్ను వంకరగా ఉందని ముందు కనిపెట్టింది బడిలో డ్రిల్లు టీచరు. ముందుకి వంగి కాలివేళ్లు ముట్టుకోమంటే పిల్ల వంగింది. వీపు కుడివైపు ఎత్తుగా లేచి కనిపించింది. ఆవిడ వెంటనే ఇంటికి ఫోన్ చేసింది. అప్పటిదాకా గౌను ఒక పక్కకి జారుతోందని దర్జీని తిట్టిపోసిన రాజ్యలక్ష్మి, ఆ ఫోన్‌తో దర్జీని వదిలేసి పన్నెండేళ్ల కూతురి మీద పడింది. "కుదురుగా కూర్చోమని ఎన్నిసార్లు చెప్పానే!"

హనుమాన్ జంక్షన్‌లో ఆ ఇంట్లో జనానికి కొదవ లేదు, కారణాలకి అసలే లేదు. మేనత్త బడి సంచి అంది. బాబాయి సెల్ ఫోన్ అన్నాడు. తాతయ్య హనుమయ్య గారు, చిన్నప్పుడు పాలు తాగనని మారాం చేసినందుకే ఇలా అయిందని తేల్చేశారు. చిన్ని అందరి మాటలూ విని, ఇన్ని నేరాలు చేసిన దానికి శిక్ష తక్కువే పడిందనుకుంది.

విజయవాడలో డాక్టర్ జ్ఞానేశ్వరి గారు వీళ్లందరినీ ఒక్కసారే నిరాశపరిచారు.

"ఎవరి తప్పూ కాదండీ. దీన్ని స్కోలియోసిస్ అంటారు. ఎదిగే వయసులో కొందరికి వెన్ను పక్కకి వంగుతూ, కాస్త మెలి కూడా తిరుగుతుంది. చాలామందిలో కారణం తెలియదు. సంచి మోసినందుకు రాదు, నిటారుగా కూర్చుంటే పోదు." ఎక్స్‌రే మీద గీతలు గీసి కోణం కొలిచారు. "ఇరవై ఎనిమిది డిగ్రీలుంది. పాప ఇంకా ఎదుగుతోంది కాబట్టి బ్రేస్ వెయ్యాలి. స్నానానికీ ఆటలకీ తప్ప రాత్రీ పగలూ ఉంచుకోవాలి. ఉన్న వంకరని తీసెయ్యడానికి కాదు, పెరగకుండా ఆపడానికి. బాగా పెరిగి యాభై దాటిందంటే ఆపరేషన్ చేసి రాడ్లు వెయ్యాల్సి రావచ్చు. ఎదుగుతున్నన్నాళ్లే బ్రేస్ పనిచేస్తుంది. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు."

గుణదల దగ్గర స్టీఫెన్ అనే ఆయన కొలతలు తీసుకుని బ్రేస్ చేసిచ్చాడు. చంకల నుంచి తుంటి దాకా గట్టి ప్లాస్టిక్ డొప్ప, వెనక బిగించుకునే బెల్టులు. ఎలా వేసుకోవాలో వేసి చూపించాడు. కార్లో ఇరుకుగా ఉంటుందని రాజ్యలక్ష్మి అక్కడే విప్పించేసింది. ఇంటికొచ్చేసరికి హనుమయ్య గారు పంచాంగం తెరిచి కూర్చున్నారు.

"రేపట్నించి మూఢం అమ్మాయ్. మూఢంలో ఎవరైనా కొత్త వస్తువు ఒంటి మీదకి ఎక్కిస్తారా?"

"పోనీ ఇవాళే వేసేద్దామా మామయ్యగారూ?"

"ఇవాళ మంగళవారం."

అంతటితో వైద్యం ఆగింది. బ్రేస్ దేవుడి గదిలోకి వెళ్లింది. కొత్త బండికి చేసినట్టే దానికి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, ఒక నిమ్మకాయ కూడా కట్టారు. మూఢం ఉన్న సంగతి చిన్ని వెన్నుకి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది తన మానాన తను ఎదిగింది.

నిజం చెప్పాలంటే మొదట్లో చిన్నికీ సంతోషమే. ఆ డొప్ప వేసుకుని బడికి వెళితే వెనక బెంచీ వాళ్లు ఏ పేరు పెడతారో దానికి తెలుసు. కానీ ఒకరోజు అద్దంలో చూసుకుంటే నడుము ఒక పక్క లోపలికి పోయి, రెండో పక్క తిన్నగా ఉంది. భుజాలు రెండూ ఒక ఎత్తున లేవు. పిల్లకి భయం వేసింది.

మూఢం వెళ్లింది. అమ్మయ్య అనుకునేలోపు ఓణీల ఫంక్షన్ కుదిరింది. మంగళగిరి వెళ్లి పట్టు లంగా, ఓణీ తెచ్చారు. బ్రేస్ మీద జాకెట్టు పట్టదని తేలింది.

"డాక్టరు గారు ఆలస్యం చెయ్యొద్దన్నారు కదమ్మా," అంది చిన్ని.

"నలుగురూ వచ్చే రోజున ఆ డొప్పలో కూర్చుంటావా? ఇన్నాళ్లు ఆగింది, ఇంకో నెల ఆగితే కొంపలేం మునిగిపోవులే."

ఫంక్షన్ ఘనంగా జరిగింది. వెన్ను సంగతి ఎవరి కంటా పడకుండా జడ నిండా పూలు కుట్టించారు. ఫోటోగ్రాఫర్ కంప్యూటర్లో కూర్చుని చిన్ని భుజాలు రెండూ సమానం చేసేశాడు. డాక్టరు ఆపితే చాలు అన్నదాన్ని ఇతను పూర్తిగా నయం చేశాడు, అదీ ఎక్స్‌రే లేకుండా. రాజ్యలక్ష్మి ఆల్బమ్ చూసి మురిసిపోయింది. "చూడవే, ఎక్కడుంది వంకర?" అంది. చిన్ని ఆ ఫోటోలోని పిల్లని చూసి అసూయపడింది.

ఆ తర్వాత శుక్రవారం పొద్దున్న మంచి ఘడియలో ఇంటిల్లిపాదీ హాల్లో చేరారు. హనుమయ్య గారు బ్రేస్‌ని తాంబూలంతో సహా మనవరాలి చేతికిచ్చి దీవించారు. రాజ్యలక్ష్మి బెల్టులు బిగించబోయింది. అవి అందలేదు. బాబాయి వచ్చి బలంగా లాగాడు. చిన్ని "అమ్మా!" అని అరిచింది. డొప్ప ఒక చోట పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది, ఇంకోచోట చెయ్యి పట్టేంత ఖాళీగా ఉంది. పిల్ల ఎదిగిపోయింది. ముహూర్తం బాగానే ఉంది గానీ బ్రేస్ పట్టలేదు.

మళ్లీ విజయవాడ. హనుమయ్య గారూ వెంట బయల్దేరారు. మళ్లీ ఎక్స్‌రే. ఈసారి ముప్పై ఎనిమిది.

జ్ఞానేశ్వరి గారు పాత ఫిల్మూ, కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాత, "ఒక్క రోజు కూడా వెయ్యలేదా?" అని అడిగారు. ఆవిడే మళ్లీ అందుకున్నారు. "ఇంకా అవకాశం ఉంది. మొదట్లో ఉన్నంత లేదు. కొత్త బ్రేస్‌తో ఇక్కడ ఆగుతుందో, ఆపరేషన్ దాకా వెళుతుందో ఇప్పుడే చెప్పలేను. తిన్నగా స్టీఫెన్ గారి దగ్గరికి వెళ్లి ఇవాళే కొలతలిచ్చి వెళ్లండి."

హనుమయ్య గారి నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. "ఇవాళ అమావాస్య..."

"మీరు వెళ్లి కార్లో కూర్చోండి మామయ్యగారూ," అంది రాజ్యలక్ష్మి. కాపురానికొచ్చాక ఆయన మాటకి అడ్డు చెప్పడం అదే మొదలు. ఆయన లేచి వెళ్లాక ఆవిడకి ఏడుపు ఆగలేదు. "మూఢం ఆయనదే, సిగ్గు మాత్రం నాది డాక్టరుగారూ. పిల్లని అలా ఎవరైనా చూస్తారేమోనని."

స్టీఫెన్ కొలతలు తీస్తుంటే చిన్ని చేతులు పైకెత్తి, కదలకుండా నిలబడింది. అయిపోయాక రాజ్యలక్ష్మి కళ్లు తుడుచుకుని, "తయారవగానే ఇంటికి పంపించెయ్యండి స్టీఫెన్ గారూ," అంది.

"ఇంటికి పంపొద్దంకుల్," అంది చిన్ని. "ఫోన్ చెయ్యండి చాలు. నేనే వచ్చి ఇక్కడే వేసుకుని వెళతాను."