కరువు జొన్నలు

ఓర్వకల్లు పక్కనున్న ఆ పల్లెలో జీవమ్మంత ముందుచూపు మనిషి లేదని అందరూ అనేవాళ్లు. ముందుచూపో మొండితనమో, ఆమె ఇంటి మూలన గాదెలో మాత్రం జొన్నలు నిండుగా ఉండేవి. వేపాకూ బూడిదా కలిపి నింపి, పైన ఎర్రమన్నూ పేడా మెత్తి మూసేసింది. కొత్త పంట ఇంటికొస్తే పాతవి తీసి తినాలి, కొత్తవి పోసి మళ్లీ మెత్తాలి. ఈ మధ్యలో తెరిచామా, గాలి తగిలి పురుగు పడుతుంది. అంతవరకూ ఆమె చెప్పేది నిజమే.

ఆ పట్టు ఊరికే రాలేదు. కరోనా ఏడాది కూలి ఆగిపోయి, అంగళ్లు మూసేస్తే, జీవమ్మ గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పెద్ద ఈరన్న పెళ్లాం తలుపు సందులోంచి చూసి గొళ్లెం పెట్టుకుంది. ఆ రోజు పడిన సిగ్గు జీవమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు. ఇంకోసారి చేయి చాచే గతి పట్టకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

ఈ ఏడు వాన ఎగ్గొట్టింది. కొత్త జొన్నలు రాలేదు కాబట్టి పాతవీ బయటికి రాలేదు. అదే ఆమె లెక్క. అదే ఏడు ఆమె మొగుడు శాంతయ్యకు షుగరు ముదిరింది. అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమని కర్నూల్లో డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది.

"ఆ గాదె తెరువే. పూటకొక రొట్టె చేసి పెట్టు, సాలు" అన్నాడు శాంతయ్య.

"వాన జూస్తే ల్యాకపాయ. అసలు కరువు ఇంగా ముందరుండాది. ఇప్పుడే తెరిస్తే అప్పుడేం తింటాం? కొంచెం ఓర్చుకోప్పా."

పోనీ అంగట్లో కొందామా అంటే, గాదె నిండా పెట్టుకుని జొన్నలు కొంటే ఊరు నవ్వదా అంది. తెరవదు, కొనదు! ఆ మనిషి ఇంకేం తినాలి తల్లీ? పూటపూటా రేషన్ స్టోరు బియ్యమే వండుకుని తిన్నాడు. మళ్లీ అడగలేదు కూడా, గొడవ పడే తత్వం కాదాయనది.

చేన్లో కాలికి కంపముల్లు గుచ్చుకుంది. పుండు మానలేదు, వేలు నల్లబడింది. ఆసుపత్రిలో వేలు తీశారు, తర్వాత పాదం తీయాలన్నారు. అప్పటికి గానీ జీవమ్మ గుండె జారలేదు. మంచం పక్కన కూర్చుని, ఇంటికి పోతూనే గాదె తెరుస్తానని, కడుపు నిండా రొట్టెలు చేసి పెడతానని ఏడ్చింది.

"ఉండనీలే. నీకు పనికొస్తాయి" అన్నాడు శాంతయ్య. మర్నాడు పొద్దునే కన్నుమూశాడు.

పోయినాయన ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికకు చర్చి జనమంతా వచ్చారు. వచ్చినవాళ్లకు ఇంత తిండి పెట్టాలి కదా. వేంపల్లె నుంచి వచ్చిన కూతురు క్రిస్టినా అమ్మను అడగలేదు. కొడవలి మొనతో మన్ను పెళ్లగించి గాదె తెరిచింది. లోపల జొన్నలు నిన్న పోసినట్టే ఉన్నాయి, ఒక్క పురుగు లేదు. ఇంత బాగా దాచిన మనిషిని చూడలేదని ఆడవాళ్లు మెచ్చుకుంటూ రొట్టెలు తట్టారు. పాస్టరయ్య కూడా రెండు తిన్నాడు. జీవమ్మ గోడకానుకుని, తింటున్న వాళ్ల చేతులవంకే చూస్తూ కూర్చుంది. పుచ్చిపోయి ఉన్నా బాగుండేది, తెరిచినా ఆయనకు దక్కేవి కాదులే అనుకోవడానికి ఆ వంకైనా మిగిలేది.

జనం వెళ్లిపోయాక క్రిస్టినా మిగిలిన జొన్నల మీద మెత్తడానికి ఎర్రమన్ను కలపబోయింది.

"మూయొద్దు. ఎవురడిగినా పెట్టు. ఆయప్ప అడిగితే నేను పెట్టల్యా" అంది జీవమ్మ.

"రేపు కరువొస్తే నువ్వేం తింటావుమా?"

"నేను తిననులే" అంది.