జింకు మామ ఎముకలు

జింకు మామ గరిటెతో తొట్టిమీద తేలిన మడ్డిని పక్కకు లాగాడు. కరిగిన జింకు తళుక్కుమంది. క్షణం ఆలస్యమైతే మళ్లీ పొర కమ్మేస్తుంది, ఆలోపే ఇనుప గొట్టాలను ముంచాలి, తుప్పు పట్టకుండా వాటికి జింకు పూత పడాలి. ముప్పై నాలుగేళ్లుగా ఫ్యాక్టరీలో ఆయన పని అదే, అందుకే ఆ పేరు. ఆరడుగుల మనిషి, ఈమధ్య కాస్త వంగాడు. తాను వంగలేదని, గుమ్మాలే కిందికి దిగాయని ఆయన వాదన.

ఆరునెలల కిందట ఆ గరిటె ఎత్తబోయి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎముకలు గుల్లబారాయన్నాడు డాక్టరు. వయసు మీదపడేకొద్దీ ఒంటికి జింకు సరిగా పట్టదనీ, ఎముక కట్టుకోవడానికి అదీ కావాలనీ చెప్పి, కాల్షియంతోపాటు జింకు బిళ్లలు రాశాడు.

"నాకు జింకా? చేపకు నీళ్లు తాగించినట్టుంది డాక్టరుగారూ!" అని మామ పగలబడి నవ్వాడు.

ఇంట్లో భార్యకు మోకాళ్లు పోయాయి. ఆయన చంకల కింద చేతులు వేసి లేపితేనే మంచం దిగుతుంది. రోజూలాగే ఈ పొద్దునా ఆవిణ్ణి లేపి, తన జింకు బిళ్ల ఆవిడ నోట్లో వేశాడు.

"మీవి నాకెందుకండీ?"

"ఇన్నేళ్లు ఆ పొగే పీల్చానే పిచ్చిదానా, నా ఎముకలకు పూత పడే ఉంటుంది. నీ అంతట నువ్వు లేస్తే నాకదే చాలు."

సాయంత్రం పని దిగి వెళ్తూ తడిమెట్టు మీద జారాడు. పసివాడైతే దులుపుకుని లేచేపాటి జారుడు. మామకు తుంటి విరిగింది. ఆసుపత్రిలో ఊపిరితిత్తులకు నిమ్ము చేరింది. పదకొండో రోజు పొద్దున, తోటి పనివాళ్లు మోసుకొచ్చి పక్కన కూర్చోబెట్టిన భార్య చెయ్యి పట్టుకునే పోయాడు.

బిళ్లల సంగతి విని డాక్టరు తల పట్టుకున్నాడు. "ఆ పొగను నమ్ముకుంటే ఎలాగమ్మా? ఎముకకు కావలసింది తిండితోనో బిళ్లలతోనో అందాలి. ఆ బిళ్లలు వేసుకున్నా తుంటి నిలిచేదని మాత్రం చెప్పలేను."

చివరి మాట ఆవిడ చెవికెక్కలేదు. "ఆయనవన్నీ నేనే మింగేశానండీ," అంటూ కుమిలిపోయింది.

మామ తిరిగొస్తే పట్టుకు నడుస్తాడని తోటివాళ్లు గొట్టాలు అతికి, జింకులో ముంచి, నడక చట్రం ఒకటి చేసి ఉంచారు. ఏం చేయాలో తోచక దాన్నే తెచ్చి ఆవిడ మంచం పక్కన పెట్టి వెళ్లారు. మర్నాడు పొద్దున ఆవిడ లేవబోయి అలవాటుగా రెండు చేతులూ చాపింది. ఆయన ఎత్తుకు కొలిచి చేసిన చట్రం, కొత్త పూత మెరుస్తూ, ఆవిడ పట్టుకుని లేవలేనంత ఎత్తున నిలబడి ఉంది.