కోర్టులో దొరికిన మెప్పు

"ఏ పనీ రాదని చెప్పండి. మిగతాది నేను చూసుకుంటాను," అని లాయరమ్మ కోర్టు మెట్లెక్కుతూ కూడా విడాకులకొచ్చిన ఆవిడకు నూరిపోసింది. సంపాదించే దారి లేదని తేలితేనే భరణం బాగా వస్తుంది. బాగా వస్తేనే ఆవిడ చూసిపెట్టుకున్న ఒంటి గదిలో ధైర్యంగా అద్దెకు దిగొచ్చు. ఆవిడ బుద్ధిగా తలూపింది.

నిజానికి ఆవిడకు రాని పనేమిటి? మొగుడు ఫొటోగ్రాఫరు. ముందు గదిలో ఆయన ఫొటో తీసేవాడు, వెనక గదిలో ఈవిడ దానికి ప్రాణం పోసేది. కళ్ల కింద నలుపు తుడవడం, పాత ఫొటోల్లో చెరిగిపోయిన ముఖాలను మళ్లీ తెప్పించడం, అంతా ఆవిడ చేతిపనే. పేరు మాత్రం స్టూడియోది. పెళ్లయిన నాటి నుంచి ఆయన నోటి వెంట విన్నది ఒకటే మాట: "ఇంకా అవలేదా?" బాగుందన్న ముక్క కోసం ఎదురుచూసి ఎదురుచూసి, మనిషి పక్కనుండగానే ఒంటరిదైపోయి, చివరికి విడాకులు అడిగింది.

ముందు ఆయన్ని బోనెక్కించారు. భరణం తగ్గాలంటే ఆవిడ పనిమంతురాలని తేలాలి కదా, అందుకని ఆయన లాయరు అడిగాడు: "మీ భార్యకు ఏమైనా పని వచ్చా?"

"వచ్చా అంటారేంటండీ! మా స్టూడియోకి జనం వచ్చేదే ఆవిడ చేతి కోసం. నేను బటన్ నొక్కుతాను, అంతే. ఒకాయన చనిపోయిన వాళ్లమ్మ ఫొటో తెచ్చాడు. నీళ్లలో నాని ముఖం సగం పోయింది. ఈవిడ రోజుల తరబడి కూర్చుని దిద్దింది. అది చూసి ఆయన 'అమ్మా' అని ఏడ్చేశాడు. నేను వీధిలోకి పోయి ఏడ్చాను. అలాంటి చెయ్యి నేనెక్కడా చూడలేదు."

"చాలు, చాలు," అన్నాడు లాయరు. ఆయనకు కావలసింది దొరికింది.

ఆవిడకూ దొరికింది. ఎన్నేళ్లుగా కాచుకు కూర్చున్న మాట! వచ్చీ వచ్చీ ఎక్కడికొచ్చిందో చూడండి. మనసు పొంగింది, ఆ వెంటే కడుపు మండింది. ఇంకొక్కసారి అంటే బాగుండునని ఆశ కూడా పుట్టింది, సిగ్గులేని ఆశ.

జడ్జిగారు ఆవిడ వైపు తిరిగారు. "ఏమ్మా, ఆయన చెప్పింది నిజమేనా? మీకు పని వచ్చా?"

రాదనమని లాయరమ్మ కళ్లతోనే బతిమాలింది. రాదంటే గది అద్దెకు ఢోకా లేదు. కానీ రాదంటే, ఇన్నాళ్లకు చేతికందిన ఆ మాట అబద్ధమైపోతుంది.

"వచ్చండీ," అంది ఆవిడ. "బాగా వచ్చు."

లాయరమ్మ తల పట్టుకుంది. అడిగిన భరణాన్ని సగానికి తగ్గించి జడ్జిగారు ఖాయం చేశారు.

వరండాలో ఆయన ఎదురుపడ్డాడు. ఆవిడే ఆపింది.

"ఆ ఏడ్చిన సంగతి మీ లాయరు చెప్పమన్నాడా?"

"లేదు. నిజంగానే ఏడ్చాను."

"మరి ఆ రోజే నాతో అనొచ్చుగా?"

"నీకు తెలుసనుకున్నాను."

"ఎలా తెలుస్తుందండీ? నేను వెనక గదిలో ఉన్నాను కదా."

ఆయన ఇంకో మాటేదైనా అంటాడేమోనని ఆవిడ కాసేపు అక్కడే నిలబడింది, అలవాటు కొద్దీ.