వెనక్కి వెళ్ళే దారం

వాళ్ళక్క దగ్గర గాలం వేయడం నేర్చుకుంటానని చెప్పగానే, మా ఆయన అన్నం తింటున్నవాడల్లా ఆగి నా మొహంలోకి చూశాడు.

"నువ్వా? నదిలోకా? పాప తుమ్మితే చాలు, డాక్టరు దగ్గరికి పరిగెత్తేదానివి!"

"అందుకేనండీ. కాస్త భయం తగ్గుతుందని."

భయం మాట అబద్ధం కాదు. కానీ నన్ను నది దగ్గరికి తీసుకెళ్తున్నది కడుపులో మంట.

ఎండలు ముదరకముందు ఒక ఆదివారం అందరం నది ఒడ్డుకు వెళ్ళాం. పాపను వదిన దగ్గర ఉంచి, కారులో మరిచిపోయిన పాలసీసా కోసం వెళ్ళాను. తిరిగి వస్తుంటే పాప కేక వినిపించింది. పరిగెత్తాను. వదిన ఒక చేతిలో గాలం కర్ర అలాగే ఉంది. రెండో చేత్తో పాప కణతలోంచి కొక్కెం పీకి, గబుక్కున తన టోపీకి గుచ్చుకుంది. నా రెండు కళ్ళతో చూశాను. మా ఆయనా అత్తగారూ వచ్చేసరికి మాత్రం, "ముళ్ళపొదలో పడిందిరా తమ్ముడూ! మీ ఆవిడేమో ఫోను పట్టుకుని ఎటో పోయింది" అనేసింది.

నేను ఏడుస్తూ చెప్పాను, అరుస్తూ చెప్పాను. "మా అక్క అబద్ధమాడదు" అన్నాడాయన. గాయం మానింది. కంటికి వేలెడు దూరంలో మచ్చ మిగిలింది. దాన్ని చూసినప్పుడల్లా అత్తగారు, "ఈ కాలం తల్లులకి ఫోనే బిడ్డ" అని నిట్టూర్చేది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆ కథే చెప్పేది.

నిజం వదిన నోటితోనే, అందరి ముందూ బయటికి రావాలి. నాకింకేమీ అక్కర్లేదు.

వదినకు నది ఒడ్డున గాలాల దుకాణం ఉంది. ఆదివారాలు ఫ్లై ఫిషింగ్ నేర్పుతుంది. ఇందులో ఎరకు వానపాము ఉండదు. చిన్న కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి ఈగలా తయారుచేస్తారు. ఆ ఈగకు బరువుండదు కాబట్టి, లావుపాటి దారాన్ని ముందు గాల్లో వెనక్కి విసిరి, ఆ ఊపుతో నీటి మీదికి పంపాలి. అందుకే ఎవరికైనా ఆమె చెప్పే మొదటి పాఠం ఒకటే.

"ముందు వెనక్కి చూడండి. ఆ తర్వాతే కర్ర ఎత్తండి."

ఆ మాట ఆమె నోట విన్న మొదటి రోజు నా పళ్ళు ఎంతగా బిగుసుకున్నాయంటే, నాతోపాటు నేర్చుకోవడానికి వచ్చిన టైలరు, "ఏమ్మా, పన్ను నొప్పా?" అని అడిగాడు.

మొదట్లో మమ్మల్ని నీటి దగ్గరికే రానివ్వలేదు. దుకాణం వెనక గడ్డిలో, కొక్కెం బదులు దారం చివర ఊలు ముక్క కట్టి ఆడించమంది. పాపను పక్కింటి మామ్మగారి దగ్గర వదిలి వచ్చేదాన్ని. మధ్యమధ్యలో ఫోను చేసి, తాగిందా, నిద్రపోయిందా, ఊపిరి సరిగ్గా తీస్తోందా అని అడిగేదాన్ని.

"చూశారా? ఎప్పుడూ ఫోనే!" అనేది వదిన అందరికీ వినిపించేలా. తర్వాత నా వైపు తిరిగి, "ఏంటమ్మాయ్, అది గాలమా చీపురా? అలా దులుపుతున్నావేం? వెనక దారం బారుగా సాగేదాకా ఆగు. తొమ్మిదో తరగతితో ఆపేశావు కాబట్టి లెక్కలు రావంటే సరే. ఆగడం కూడా రాదా?"

"వస్తుంది వదినా. చాలాకాలంగా అదే పని మీదున్నాను."

"నా దారం నా మెడకే చుట్టుకుందండీ," అన్నాడు టైలరు. "చొక్కాకి కొలతలు తీసుకుంటోందేమో!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒళ్ళు మండేది ఎందుకంటే, ఆమె నిజంగానే బాగా నేర్పేది. నా వెనక నిలబడి మణికట్టు పట్టుకుని, ఎక్కడ ఆపాలో, ఎప్పుడు వదలాలో ఓపిగ్గా చూపించేది. ఆ చేయి నా చేతిని తాకినప్పుడల్లా అదే చేత్తో కొక్కెం పీకడం గుర్తొచ్చేది. అయినా నేర్చుకున్నాను. కొన్ని వారాలకు నా దారం గాల్లో చక్కగా సాగి, గడ్డి మీద చప్పుడు లేకుండా వాలింది. ఆ ఒక్క క్షణం కోపం కూడా గుర్తు రాలేదు. మరుక్షణం వచ్చేసిందనుకోండి.

నదిలోకి దిగాక ఇంకో సంగతి తెలిసింది. వదినకు ఇష్టమైన మడుగు ఒకటుంది. సాయంత్రం పురుగులు నీటి మీద వాలే వేళకు అక్కడ పెద్ద చేప ఒకటి పైకి వస్తుంది. అది మూతి బయటపెట్టిందంటే ఈవిడకు లోకం కనిపించదు. వెనక ఏముందో చూడకుండా దారం ఎత్తేస్తుంది. ఆ మడుగు వెనకున్న పొద నిండా ఆమె ఈగలే. దుకాణంలో కంటే అక్కడే ఎక్కువున్నాయి.

పాఠాలు పూర్తయ్యే రోజున అందరి ఇళ్ళవాళ్ళనూ పిలిచింది వదిన, సాయంత్రం ఆ మడుగు దగ్గర తను గాలం వేసి చూపిస్తానని. మా ఆయనా అత్తగారూ వచ్చారు. పాపను అత్తగారికిచ్చి, దారం అందనంత దూరంగా ఉన్న రాతి మెట్ల మీద కూర్చోబెట్టాను. మా ఆయన మడతకుర్చీ మాత్రం తీసుకెళ్ళి ఆ పొద పక్కన వేశాను.

"ఇక్కడ నీడగా ఉంటుందండీ. ఈ నల్ల కళ్ళద్దాలు కూడా పెట్టుకోండి."

"సాయంత్రం పూట కళ్ళద్దాలేంటే?"

"నా మాట వినండి. పురుగులు కళ్ళల్లో పడతాయి."

ఆయన విసుక్కుంటూ పెట్టుకుని ఫోను తీశాడు. కళ్ళద్దాలు సరిగ్గా ఉన్నాయో లేదో మళ్ళీ వెళ్ళి చూసొచ్చాను. నాకు కావలసింది ఆయన చెవో భుజమో, కన్ను కాదు.

"అమ్మాయ్, నా దారానికి ఆ గోధుమరంగు ఈగ కట్టు," అంది వదిన. కొక్కెం కొనకు లోపలివైపు చిన్న కోర ఉంటుంది, గుచ్చుకున్నది ఊడిరాకుండా. దాన్ని పటకారుతో నొక్కి చదును చేసి, అప్పుడు కట్టాను. సులువుగా ఊడిరావాలి. పగ నాది, డాక్టరు ఖర్చు మా ఇంటిది.

వదిన పాఠం మొదలుపెట్టింది. "అందరూ వినండి. ముందు వెనక్కి చూడాలి..."

మడుగులో నీరు గుండ్రంగా విచ్చుకుంది. నల్లటి మూతి తేలి, ఒక పురుగును మింగి మునిగింది.

వదిన మాట అక్కడే తెగింది. దారం గాల్లోకి లేచి వెనక్కి పోయి ఆగింది. ఎప్పటిలాగే పొదకు తగులుకుందనుకుని ఒక్క గుంజు గుంజింది.

"అమ్మో! చెవి! నా చెవి!"

"పెద్దదే పడింది!" అని అరిచి, వెంటనే నోరు మూసుకున్నాడు టైలరు.

అందరూ ఆయన చుట్టూ మూగారు. చెవి తమ్మెకు గోధుమరంగు ఈగ వేలాడుతోంది. నెత్తురు బొట్టు మెడ మీదికి జారింది. వదిన చేయి కొక్కెం వైపు వెళ్ళింది. నేను అడ్డంగా నిలబడ్డాను.

"ఏం లేదండీ, ముల్లు గుచ్చుకుంది," అన్నాను గట్టిగా. "ఫోను చూసుకుంటూ కూర్చున్నారుగా మరి!"

పాపను ఎత్తుకుని అప్పుడే వచ్చిన అత్తగారు కొడుకు చెవిని చూసింది. తర్వాత తన భుజం మీదున్న పాప కణత చూసింది. మచ్చ మీద వేలు పెట్టి తడిమింది.

"అక్కా," అన్నాడాయన పళ్ళు బిగించి. "పాపకి కూడా ఇదేనా?"

వదిన టైలరు వైపు, మిగతావాళ్ళ వైపు చూసింది.

"చేప లేచిందిరా... పాప వెనక ఉందని చూసుకోలేదు. మీరందరూ ఏమంటారోనని..."

"మరి ఇన్నాళ్ళూ నా కోడల్ని ఊరందరి చేతా తిట్టించావు కదే!" అంది అత్తగారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆ కథ చెప్పింది ఎవరో అందరికీ తెలుసు. ఆ లెక్క ఇంకోరోజు చూసుకోవచ్చని ఊరుకున్నాను.

కొక్కెం నేనే తీశాను. కోర లేదు కాబట్టి క్షణంలో తీయొచ్చు. నేను తొందరపడలేదు. "సారీ," అన్నాడాయన కళ్ళనీళ్ళతో. "ఏమన్నారు? వినపడలేదు," అన్నాను. మళ్ళీ అన్నాడు. అప్పుడు తీశాను.

అందరూ కార్ల వైపు నడిచాక వదిన దారం చుట్టుకుంటూ నా పక్కకు వచ్చింది.

"కుర్చీ అక్కడ నువ్వే వేశావు కదూ?"

"అవును."

"నేను వెనక్కి చూసి ఉంటే?"

"ఏమీ అయ్యేది కాదు వదినా. ఎక్కడ వెనక్కి చూస్తారోనని చివరిదాకా నా ప్రాణం నా దగ్గర లేదు."

ఆమె దారం చుట్టడం ముగించి కర్ర చంకలో పెట్టుకుంది.

"ఇక నేర్చుకోవడానికి రావనుకుంటా."

"ఎందుకు రాను? చేప పడితే ఏం చేయాలో మీరింకా చెప్పలేదు. వచ్చే ఆదివారం పాపను కూడా తెస్తాను. గాలం నేను వేస్తాను. మీరు పాపను ఎత్తుకుని, నాకు కనపడేచోట ఎండలో నిలబడాలి."

వదిన సరేనంది.