రెండు పిడికిళ్ళ ఉప్పు

అన్యాయం జరిగింది ఎవరికి? డుంబ్రిగుడ సంతకు ఎగువన, వాగు ఒడ్డున, ఇరవై గడపల కొండ ఊళ్ళో పోడు చేసుకుని బతికే సుక్రుకు, అతని భార్య గంగకు. ఎలా జరిగింది? నా నోటిమాట వల్ల. ఈ రెండు సంగతులూ ముందే చెప్పడం మంచిది. తరువాత నేను ఏ సాకు చెప్పినా దాని విలువ ఎంతో చదివేవారే తేల్చుకోగలరు.

కాన్వెంటులో చదివి, ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకు పాఠాలు చెప్పి, 1923 వానాకాలంలో నేను అరకు లోయకు వచ్చాను. మేనల్లుడు రామారావు అక్కడ అడవి శాఖలో రేంజరు. అతనికి ముందు బంగళాలో ఉన్న దొర, ఇనుప చట్రానికి అద్దాలు బిగించిన నీటి తొట్టి ఒకటి వరండాలో వదిలిపోయాడు. కాన్వెంటులో మదర్ గారి గదిలో బంగారు చేపలుండేవి. వాటి నీళ్ళు మార్చే పని నాలుగేళ్ళపాటు నాదే. ఖాళీ తొట్టిని రోజూ చూస్తూ ఊరుకోలేకపోయాను.

కొండల మీద బంగారు చేపలు ఎక్కడివి? వాగులో ఇసుక చేపలున్నాయని, బంగళాకు కట్టెలు తెచ్చే సుక్రు చెప్పాడు. వేలెడంత పొడవు, పాముపిల్ల లాంటి ఒళ్ళు, మూతి చుట్టూ సన్నని మీసాలు, పక్కలంట మచ్చల వరస. అలికిడైతే ఇసుకలో దూరిపోయి కళ్ళు మాత్రం బయటపెట్టి చూస్తాయి. కార్తీకంలో అతను వెదురు చేటతో వాగు ఇసుక తోడి, ఒక్కొక్కటే ఏరి, కుండలో పన్నెండు తెచ్చాడు.

"గులకరాళ్ళు ఎయ్యకు పంతులమ్మా, మీసాలు అరిగిపోతాయి. మెత్తటి ఇసకెయ్యి. మీద సాప కప్పు. ఎగిరి దూకేత్తాయి, దొంగముండలు."

"ఏం తింటాయి?"

"మాం తినీదే, నువ్వెడితే."

ఉడికిన మెతుకులు, తరిగిన ఎర్రలు వేసేదాన్ని. పగలంతా ఇసుకలో పడి ఉండి, పొద్దు వాలేవేళకు బయటికొచ్చి మీసాలతో అడుగంతా వెతికేవి. ముసురు పట్టబోయే ముందు మాత్రం ఒకటే ఆరాటం. పైకి ఎగబాకి గుటుక్కున గాలి మింగి కిందికి జారిపోయేవి.

"అత్తా, నీ చేపలకు సర్కారు కొలువు వేయించమంటావా? తంతి కంటే ముందే తుపాను కబురు చెబుతున్నాయి," అనేవాడు రామారావు.

మాఘమాసానికి అద్దాలకు పాచి పట్టింది. తొట్టి కడిగి, కొత్త నీళ్ళు నింపి, రెండు పిడికిళ్ళ కల్లుప్పు వేశాను. బంగారు చేపలకు ఒంటి మీద తెల్లమచ్చలు లేస్తే మదర్ గారు ఉప్పు వేయించేవారు. ఆమె వేయించింది చిటికెడు. ఆ చేపలకు ఒంటినిండా దిట్టమైన పొలుసు. ఈ రెండు భేదాలూ నాకు తట్టలేదు. సాయంత్రానికి ఇసుక చేపలు ఒళ్ళంతా తెల్లని జిగురు కమ్మి, మెలికలు తిరిగి కొట్టుకున్నాయి. మరునాటి మధ్యాహ్నానికి ఒక్కటీ మిగలలేదు.

కొండవాళ్ళు ఏవో కాయలు దంచి మడుగులో కలిపి చేపలకు మత్తెక్కించి పడతారని విన్నాను. సుక్రు అలా పట్టిన చేపలనే నాకు అంటగట్టాడని, ఆ మత్తు ఒంట్లో నిలిచి ఇన్నాళ్ళకు చంపిందని తీర్మానించుకున్నాను. ఏదో పని మీద బంగళాకు వచ్చిన ఊరిపెద్ద సోంబరుతో, తరగతిలో తప్పు దిద్దే గొంతుతో ఆ మాట అన్నాను.

ఆ ఊళ్ళో కాయ దంచేది ఏడాదికొక్కసారి, చైత్రంలో. ఊరంతా కలిసి ఏరును మొక్కి, ఒకే మడుగులో కలిపి, పట్టినది సమంగా పంచుకుంటారు. మరే రోజున ఒంటరిగా ఆ పని చేసినా అది ఊరి సొమ్ము దొంగిలించడమే. కాయ మత్తు తగిలిన చేపను ఆ రోజే తినేస్తారు గనుక, అది ఎన్నాళ్ళు బతుకుతుందో వారికీ తెలియదు.

సుక్రును కూర్చోబెట్టి అడిగారు. "సేటతోటే పట్టినాను," అన్నాడు. సోంబరు నన్నూ పిలిపించి, "తొట్లో పొగాకు గాని, సున్నం గాని పడ్డాదా పంతులమ్మా?" అన్నాడు. లేదన్నాను. ఉప్పు సంగతి ఎవరూ అడగలేదు. చింతపండు కావిళ్ళు మోసుకుని రెండు రోజులు నడిచి ఆకుదొన్నెడు ఉప్పు తెచ్చుకునే మనుషులు. దాన్ని నీళ్ళల్లో పారబోసేవాళ్ళు ఉంటారని వారికి ఎందుకు తోస్తుంది? చెప్పాలని నాకూ తోచలేదు.

సుక్రును వెలివేశారు. నిప్పు లేదు, పంక్తి లేదు, ఏటిలో వంతు లేదు. ఊరి ఊటనీళ్ళు ముట్టకూడదు గనుక గంగ కొండ అవతలి చెలమ నుంచి నీళ్ళు మోసుకునేది. ఆమె తలమీద కుండతో బంగళా ముందు నుంచే పోయేది. నా వైపు చూసేది కాదు. తప్పు చేసినవారి పొగరు అనుకునేదాన్ని.

మరుసటి వానాకాలంలో అదే ఊరి భీమన్న నా కళ్ళ ముందే చేటతో పది చేపలు పట్టి ఇచ్చాడు. చలికాలమంతా నాకు చలిజ్వరం. తొట్టి జోలికి పోలేదు. చేపలు హాయిగా ఉన్నాయి. ఫాల్గుణంలో ఓపిక తెచ్చుకుని తొట్టి కడిగాను, ఉప్పు వేశాను. రెండు జాములు గడిచేసరికి అదే తెల్లని జిగురు, అవే మెలికలు.

ఇవి నా కళ్ళ ముందే చేటతో పట్టినవి. కదులుతున్న నాలుగింటిని మంచినీళ్ళ బిందెలోకి మార్చాను. మూడు బతికాయి. ఇక రుజువు అక్కర్లేదు.

మర్నాడే ఊరిని కూర్చోబెట్టమని సోంబరును అడిగి, నిందితులు కూర్చునే మట్టినేల మీద కూర్చుని జరిగినదంతా చెప్పాను.

"ఉప్పా?" అంది ఒక ముసలామె. "నీళ్ళల్లోనా? రెండు పిడికిళ్ళా?"

"సచ్చినా రుసిగా సచ్చుంటాయి," అన్నాడు భీమన్న. అందరూ నవ్వారు. సుక్రు నవ్వలేదు.

సోంబరు కట్టుబాటు చెప్పాడు. అబద్ధపు నింద వేసి ఒకరికి నీళ్ళు ఆపించినవారు, వెలి ఉన్న నెలకొక రోజు చొప్పున వారి ఇంటికి ఊటనీళ్ళు మొయ్యాలి. పద్నాలుగు నెలలు, పద్నాలుగు రోజులు, రోజుకు మూడు కుండలు. ఒక్క రోజు తప్పినా లెక్క చెడుతుంది. లెక్క పూర్తయితేనే వెలి తీరుతుంది. కాయ దంచి ఏరును మొక్కే చైత్రపు పండుగ పదిహేనో రోజున. ఆ లోపల తీరకపోతే సుక్రుకు ఇంకో ఏడాది వంతు లేదు.

"ముసిల్ది కదేటి," అన్నాడు సోంబరు. "ఒక్క కుండ పోసి దణ్ణమెట్టీమందాం."

"నాను మోసినప్పుడు నా నడుం వయసెంతని ఎవులైనా అడిగినారా?" అంది గంగ. "మొయ్యనీ."

న్యాయంగానే ఉంది. మోస్తానన్నాను.

ఊట నుంచి గంగ గుమ్మం దాకా ఏటవాలు దారి. అరవై ఏడేళ్ళ మోకాళ్ళు మొదటి రోజే మొరాయించాయి. మూడో రోజుకు భుజం వాచింది. రామారావు కోపంతో, "గార్డును పంపిస్తాను, వాడు మోస్తాడు. నలుగురూ ఏమనుకుంటారు అత్తా?" అన్నాడు.

"నింద గార్డు వేశాడా?" అన్నాను.

గంగ ప్రతి కుండా దించించుకునేది కాని మాటాడేది కాదు. తొణికిన కుండను మాత్రం వెనక్కి తోసేది. మళ్ళీ నింపుకురావలసి వచ్చేది. తొమ్మిదో రోజున సుక్రు దారిలో ఎదురై, "ఆ మూడూ బతికే ఉన్నాయా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. "ఇసక మార్సు బేగి. పాతిసక కుళ్ళిపోతాది," అని తలవంచుకుని పోయాడు.

పన్నెండో రోజున జ్వరం తిరగబెట్టింది. పెద్ద కుండ ఎత్తలేక, సగానికి నింపి ఆరు సార్లు తిరిగాను. దారిలో రెండు చోట్ల కూర్చుండిపోయాను. మధ్యాహ్నమయింది. గంగ ఆ ఆరింటినీ తన మూడు కుండల్లో పోసి, అంచు దాకా వచ్చాయో లేదో చూసి, తలూపింది. పదమూడో రోజూ అలాగే గడిచింది.

పద్నాలుగో రోజు చివరి కుండకు సోంబరు, భీమన్న, మరి కొందరు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. గంగ కుండ అందుకోలేదు, సాయం పట్టలేదు, నేనే దించాను. ఆమె చిప్పతో నీళ్ళు ముంచి సుక్రుకిచ్చింది. అతను తాగి సోంబరుకిచ్చాడు. పద్నాలుగు నెలల తరువాత సోంబరు ఆ ఇంటి నీళ్ళు తాగాడు. తరువాత చిప్ప చేతులు మారుతూ భీమన్న దాకా పోయింది.

"రేపు ఏటికి బేగి రా. నీ వంతు బుట్ట నువ్వే తెచ్చుకో," అన్నాడు సోంబరు.

సుక్రు బుట్ట వెతకడానికి లోపలికి పోయాడు. గంగ మిగిలిన నీళ్ళను పొయ్యి మీది కుండలో వంచి, ఖాళీ కుండ నా చేతికిచ్చింది.

"తీరిపోనాది పంతులమ్మా," అంది. "ఇంక మొయ్యకు."