మిద్దె మీది ఎరువు కుండ

తిరుమల ఘాట్ రోడ్డులో ఇరవై ఆరేళ్లు బస్సు నడిపి రిటైరైన గుణశేఖర్‌కు, రెండేళ్ల కిందట వచ్చిన జ్వరంతో వాసన తెలియకుండా పోయింది. అందుకే మిద్దె మీద తాను పెట్టిన కుండ కంపు కొడుతోందని వీధిలో అందరికంటే చివర ఆయనకే తెలిసింది.

కింది వాటాలో ఉండే రూపశ్రీ వచ్చి చెప్పింది. "మూడు దినాలుగా కిటికీ తెరవలేకుండా ఉండాం అంకుల్. వారంలో ఆ కుండ తీసేయండి."

ఇంట్లోనే ఎరువు చేద్దామని ఫోన్‌లో వీడియో చూసి గుణశేఖర్ మొదలుపెట్టిన పని అది. కూరగాయల తొక్కలూ, మిగిలిన అన్నమూ వేసి మూత బిగించాడు. మరునాడు చెత్తబండితో వచ్చిన సంతోషమ్మను పైకి పిలిచి, కుండను పట్టుకుపొమ్మన్నాడు.

ఆమె మూత తీసి కొంగు అడ్డం పెట్టుకుంది. లోపల తెల్ల పురుగులు.

"అన్నం ఎందుకేసినారు సార్? అంతా నీళ్లే. గాలి యాడ పోతాది?"

"నాకు వాసన తెలీదమ్మా. బాగుండాదో లేదో ఎట్ల కనుక్కునేది?"

ఆమె మూత పక్కన పెట్టింది. "చేయి ఉండాది కదా" అంది.

సంతోషమ్మ నాలుగేళ్లు ఎరువు యార్డులో పనిచేసిన మనిషి. కుండకు చిల్లులు పెట్టించి, లోపలిది గుమ్మరించి, ఎండిన వేపాకు కలిపింది. ఒక పిడికెడు ఆయన చేతిలో పెట్టి పిండమంది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. ఇంకొంత ఆకు కలిపింది. ఈసారి కారలేదు, ముద్ద నిలిచింది.

"ఇంతే తడి ఉండాల. తొక్కలకు రెండింతలు ఎండాకు వేయండి. రెండు మూడు దినాలకొకసారి కలబెట్టండి. నడుమ వెచ్చగుంటే పని జరగతా ఉన్నట్టు."

గుణశేఖర్ రోజూ పొద్దున్నే కుండలో చేయి పెట్టేవాడు. నాలుగో రోజు వెచ్చదనం తగిలింది. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను మూత మీద అరచేయి ఆనించి వేడి చూసుకునే అలవాటు ఆయనకు గుర్తొచ్చింది. చేయి వెంటనే తీయలేదు.

గడువు నాటికి రూపశ్రీ మిద్దెక్కి కుండ పక్కన నిలబడింది. "ఇప్పుడు కంపేం రావడం లేదంకుల్" అని దిగిపోయింది.

మూడు నెలలకు కుండలోది నల్లగా, పొడిపొడిగా తయారైంది. జల్లించి ఒక సంచి సంతోషమ్మకు ఇచ్చాడు.

"మా ఇంట్లో చెట్టు పెట్టే చోటు లేదు సార్" అంటూనే ఆమె సంచి అందుకుంది. "మా అక్క వంగ నారు పోసింది. దానికేస్తా."

ఆ సాయంత్రం రూపశ్రీ ఒక బకెట్టు నిండా బేనిషా మామిడి తొక్కలు తెచ్చింది. "ఇవి వేయొచ్చా?"

గుణశేఖర్ బకెట్టులోకి చూశాడు. "వేయొచ్చు. ఎండాకు యాడుండాది?"