మూడో కారణం

వైన్ పీపా నోటి చుట్టూ తడిగుడ్డతో తుడిచి, బిరడా బిగించి, వెండెల్ పక్క పీపా దగ్గరికి జరిగాడు. నలభై మూడేళ్లుగా ప్రతి ఉదయం ఇదే పని. వేళ్ల సందుల్లోని గోధుమరంగు మరక ఏ సబ్బుకూ లొంగలేదు. నేలమాళిగ కమాను వంపును చూసి నేర్చుకున్నట్టు వీపు వంగిపోయింది. గోడల మీద గొర్రెతోలులా మెత్తగా పెరిగిన నల్లబూజు అతని కోటు భుజాలకూ అంటుకుని ఉంది.

బయట బోద్రోగ్ నది మీది పొగమంచు ఇంకా ఊరిని వదల్లేదు. ఆ మంచే ద్రాక్షను తీగ మీద కుళ్లబెట్టి తీపెక్కిస్తుంది. అది చూడ్డానికే అక్టోబరులో బస్సుల్లో జనం వస్తారు. వాళ్ల కోసం మాళిగ కొత్త యజమానులు కరపత్రం వేయించారు: ‘మా ఊరు రావడానికి ఏడు కారణాలు’. ఒకటి కొండవాలు తోటలు. రెండు పాత గుడి గంట. మూడో కారణం వెండెల్. గ్లాసులోకి ముక్కు దించి, కళ్లు మూసుకున్న ఫోటో. పేరు లేదు. ‘వాసన చూసి ఏ వాలులో పండిందో చెప్పే మనిషి’ అని మాత్రం ఉంది.

ఆ ముక్కు కిందటి చలికాలమే చచ్చిపోయింది. వారం రోజుల జ్వరం దిగాక ఉల్లిపాయకు వాసన లేదు, కాఫీకి లేదు. చనిపోయిన భార్య ఎటెల్కా తలగుడ్డ రెండేళ్లుగా అతని దిండు కింద ఉండేది. అదీ వట్టి గుడ్డ అయిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పనిలోంచి తీసేస్తారు. తీసేస్తే పొద్దున్నే లేచి వెళ్లడానికి అతనికి మరో చోటు లేదు.

కనిపెట్టింది గ్లాసులు కడిగే పిరోష్కా ఒక్కతే. పులిసి పాడైన సీసాను అతను భేషన్న రోజున ఒకసారి చూసి తల తిప్పుకుంది. మర్నాటి నుంచి పై వాలు వైన్‌ను నీలం గుడ్డ మీద, కింది వాలు వైన్‌ను తెల్లగుడ్డ మీద పెట్టడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం రుచి చూసే గదిలో పన్నెండుమంది కూర్చున్నారు. నిర్వాహకురాలు ఎనికో మాట వాళ్లకు వినబడాలని కింది మాళిగలో గాలి తోడే ఫ్యాను ఆపేశారు. ఒకాయన గ్లాసు చూపించి, “ఏ వాలుదో చెప్పండి చూద్దాం, పెద్దాయనా” అన్నాడు.

నీలం గుడ్డ. వెండెల్ ముక్కు దించి, తాపీగా కళ్లు మూశాడు. “పై వాలు. రాళ్ల నేల.”

చప్పట్లు మోగాయి. పిరోష్కా అతని పక్కగా వెళ్తూ గొణిగింది. “నాటకాల్లో చేరాల్సింది, మామా.”

“చేరితే శవం వేషం ఇచ్చేవాళ్లు. పడుకుంటే చాలుగా.”

ఆమె నవ్వాపుకుంటూ, అతని భుజం మీది బూజు దులిపి, గ్లాసుల పళ్లెంతో వంటింట్లోకి వెళ్లింది.

“కింద పొంగుతున్న కొత్త వైన్ కూడా రుచి చూస్తామండీ” అంది ఓ పెద్దావిడ.

“ఎంతసేపు! మా వెండెల్ తెస్తాడు” అంది ఎనికో.

వెండెల్ కోటు జేబులోంచి కొవ్వొత్తి తీశాడు. కొత్త వైన్ పులిసి పొంగే రోజుల్లో కంటికి కనబడని విషగాలి మాళిగ నేల మీద నీళ్లలా నిలుస్తుంది. కొవ్వొత్తిని మోకాలి ఎత్తున పట్టుకుని దిగాలి. మంట కుంగితే వెనక్కి తిరగాలి. పాతది అయిపోయి, పొద్దున్నే మూలకొట్టులో కొత్తది కొన్నాడు. వెలిగించాడు.

తలలన్నీ తిరిగాయి. “కేకు కాలుస్తున్నారా ఏమిటి!” అన్నారెవరో.

“వెనీలా కొవ్వొత్తా?” ఎనికో లేచి నిలబడింది. “వైన్ వాసన చూసే గదిలోనా? మీకు తెలియట్లేదా?”

వెండెల్ వంటింటి గుమ్మం వైపు చూశాడు. అక్కడ పిరోష్కా లేదు. ఈ వాసనకు గుడ్డ కూడా లేదు.

“తెలియకేం అమ్మా! ఆ చివరి కుర్చీలో అయ్యగారు కునుకు తీస్తుంటే లేపుదామని.”

అందరూ నవ్వారు. ఎనికో కూడా నవ్వింది కాని, ఆమె చూపు అతని ముక్కు మీదే ఉంది. “సరే, ఆర్పేయండి. కింద కరెంటు దీపాలున్నాయిగా.”

ఇంకో కొవ్వొత్తి ఇప్పించమనడానికి నోరు తెరిచాడు. ఇంకో మాటంటే ఆమె ఇంకో ప్రశ్న అడుగుతుంది. తడివేళ్లతో వత్తి నలిపి, బల్ల మీద పెట్టాడు. ఊపిరి బిగబట్టి దిగి, గ్లాసు నింపుకుని రావడమే. కుర్రతనంలో పందెం కట్టి ఎన్నిసార్లు చేయలేదు!

పద్దెనిమిది మెట్లు. ఊపిరి సరిపోయింది. మూడో పీపా బిరడా తీసి పొడవాటి గాజుగొట్టం దించాడు. అప్పుడు గుర్తొచ్చింది. గొట్టంలోకి వైన్ ఎక్కాలంటే నోటితో పీల్చాలి. పందేల రోజుల్లో చేతిలో గొట్టం ఉండేది కాదు. గ్లాసు లేకుండా పైకి వెళ్తే ఏం చెప్పాలి?

పీల్చాడు. బంగారు రంగు వైన్ గొట్టంలో జానెడు ఎక్కింది. మోకాళ్లు వాటంతటవే మడత పడ్డాయి. పైన ఎవరో మళ్లీ నవ్వారు.

పిరోష్కా వంటింట్లోంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. “ఈ వాసనేంటి? మామ ఏడీ?”

“కిందికెళ్లాడు. పావుగంట అయింది. అక్కడే తాగేస్తున్నాడేమో!” అంది ఎనికో.

పిరోష్కా కొవ్వొత్తి అందుకుని వెలిగించి మెట్లు దిగింది. ఆరో మెట్టు మీద దాన్ని మోకాలి దాకా దించింది. మంట కుంగి, నీలమై, ఆరిపోయింది.

ఫ్యాను అరగంట తిరిగాక, ఊపిరి లేని అతన్ని పైకి తెచ్చారు. గొట్టం పగలలేదు, చేతిలోనే ఉంది. ముఖంలో బాధేమీ లేదు; పిరోష్కాకు మిగిలిన ఊరట అదొక్కటే. బస్సు వేళకే బయల్దేరింది. ఎనికో కిటికీలన్నీ తెరిపించింది.

బల్ల మీద, మూడో కారణం పైకి కనబడేలా తెరిచి ఉన్న కరపత్రం పక్కన, వేలెడు కూడా కరగని కొవ్వొత్తి ఇంకా వెనీలా వాసన వేస్తూనే ఉంది.